వీరేశం పేరిట నేను రాసిన వాంగ్మూలం

ముప్పై ఏళ్ళు దాటింది, ఒక మాట నా గొంతులో అడ్డం పడి. మింగుడు పడలేదు. బయటికీ రాలేదు. ఆ మాట అక్కడ ఉండగానే అన్నం తిన్నాను, నవ్వాను, బిడ్డ పెళ్ళి చేశాను, జెండా పండుగనాడు బడిపిల్లల ముందు మెడల్స్ పెట్టుకుని నిలబడి సిపాయి అంటే ఎట్లా ఉండాలో చెప్పాను. చప్పట్లు కొట్టారు. కొట్టించుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు ఈ సంగతి ఎత్తబోతే నా నోరు ఎప్పుడూ పక్కకు జారింది, వానల గురించో మోకాళ్ళ నొప్పుల గురించో మాట్లాడి లేచి వచ్చేవాణ్ణి. నా పేరు చెప్పను. అది కూడా పిరికితనమే కదా అంటారేమో. అవును, పిరికితనమే. చెప్పవలసిన మనిషికి మాత్రం నా నోటితో చెప్పాను. అది కూడా రాస్తాను.

మాది ఖిల్లా ఘణపూర్ దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల చెలక. వాన పడితే ఆముదాలు, పడకపోతే వలస. ఇంటర్ పాసయ్యాను కనుక పట్టాలంలో నన్ను క్లర్కుగా తీసుకున్నారు. ఇరవై నాలుగేళ్ళు చేసి నాయబ్ సుబేదారుగా దిగాను. ఇప్పుడు వనపర్తిలో ఉంటాను. పింఛను వస్తుంది. ఖాళీగా ఉండలేక మాజీ సైనికుల కాగితాలు రాసిపెట్టడం మొదలుపెట్టాను. బల్మూర్ నుంచి, పెబ్బేరు నుంచి, ఇంకా లోపలి ఊళ్ళ నుంచి వస్తారు. ఏ ఫారానికి ఏది జతచేయాలో, ఏ గడిలో ఒక్క మాట తప్పు పడితే కాగితం తిరిగొస్తుందో నాకు తెలుసు. నవంబరులో బతికి ఉన్నామని రుజువు చూపే సర్టిఫికెట్ల కోసం మా అరుగు మీద జనం కూర్చుని ఉంటారు. సుబేదార్ సాబ్ చెయ్యి పడితే పని అయినట్టే అంటారు.

నిజమే. నా చెయ్యి పడిన పనులన్నీ అయ్యాయి. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ నా చెయ్యి పడటం వల్లనే కాలేదు.

వీరేశం గద్వాల మనిషి. నేతవాళ్ళు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఆ రెంటినీ పోగుకు పోగు కలుపుతూ నేయాలంటే ఒకే మగ్గం మీద ఇద్దరుండాలి. వీరేశం పదిహేనేళ్ళ నాటికే తండ్రి పక్కన కూర్చుని ఆ నేత నేర్చాడు. కానీ నలుగురు అన్నదమ్ములు, ఒక్కటే మగ్గం. మహబూబ్‌నగర్‌లో పట్టాలం భర్తీకి వచ్చారని విని, పరుగెత్తి, గెలిచి, చేరిపోయాడు. మా దళంలో పాలమూరు వాళ్ళం మేమిద్దరమే. నన్ను అన్నా అనేవాడు. ఊరికే అనే అన్నా కాదు. నాకు జ్వరం వస్తే కంచంలో గంజి తెచ్చి పక్కన కూర్చునేవాడు. ఇంటికి ఉత్తరం రాయాలంటే నా దగ్గరికి వచ్చేవాడు. కొత్తగా పెళ్ళయింది. భార్య పేరు గోవిందమ్మ. ఆమెకు రాయవలసిన మాటలు నాకు చెప్పడానికి సిగ్గుపడి, "నువ్వే ఏదన్న రాయి అన్నా, నీకు తెల్వదా" అని మొహం తిప్పుకునేవాడు.

అట్లా అతని మాటలు నేను రాయడం మాకిద్దరికీ అలవాటైంది. ఆ అలవాటే తర్వాత నాకు పనికొచ్చింది. ఎంత నీచంగా ఉందో చూడండి, రాస్తుంటే.

ఆ చలికాలం మా దళం ఉత్తరాన ఒక కొండ మీద ఉంది. పైన రేకుల గదిలో మా ఆఫీసు. కింద, మూడు కిలోమీటర్ల అవతల, రోడ్డు పక్కన ఇంకో చౌకీ. ఆఫీసు తపాలా పెట్టి సీలు వేసిన డాక్ సంచిని మధ్యాహ్నం కింది చౌకీకి చేర్చడం నా పని. క్లర్కే తీసుకుపోవాలి. వెంట తుపాకితో ఒక సిపాయి రావాలి. గేటు దగ్గర రిజిస్టరులో ఇద్దరి పేర్లూ, వెళ్ళిన వేళా రాయాలి.

ఆ రోజు పొద్దున అంతా మంచు పడి ఆగింది. గదిలో కిరోసిన్ పొయ్యి మండుతోంది. మధ్యాహ్నం రెండయింది. నేను లేవలేదు.

ఎందుకు లేవలేదు? ఈ ప్రశ్న నేను లెక్కలేనన్ని సార్లు వేసుకున్నాను. జ్వరమా? కాదు. పని ఎక్కువై ఊపిరాడలేదా? అదీ కాదు. చలి. వెచ్చటి చోటు నుంచి లేవబుద్ధి కాలేదు. ఒక మనిషి కాలికీ, అతని బతుకుకీ, అతని భార్య వృద్ధాప్యానికీ కారణం ఇంత చిన్నదా అని మీరు అడగవచ్చు. ఇంతే. ఇంతకంటే పెద్ద కారణం వెతుక్కుందామని చాలా ఏళ్ళు చూశాను. దొరకలేదు.

ఇంకొకటి. చాలాకాలం నాకు నేను చెప్పుకున్న కథలో వీరేశమే ముందుకు వచ్చి, నేను పోయొస్త అన్నా, నువ్వు కూసో, అన్నాడు. ఆ కథలో అతని గొంతు కూడా నాకు వినిపించేది. అది అబద్ధం. అడిగింది నేను. "వీరేశం, జర గీ సంచి కింద ఇచ్చి రా. నా కాళ్ళు గుంజుతున్నయి" అన్నాను. నా కాళ్ళు గుంజడం లేదు. అతనికి ఆ పూట ఏ పనీ లేదు, విశ్రాంతి. మారు మాట్లాడకుండా సంచి భుజానికి తగిలించుకున్నాడు. గేటు దగ్గర రాయవలసి వస్తుంది కాబట్టి వంటశాల వెనక దారిలో దిగిపొమ్మని చెప్పింది కూడా నేనే.

నాలుగింటికల్లా తిరిగి రావాలి. రాలేదు. నాలుగున్నర అయింది. నాకు అర్థమైంది. దారి గడ్డకట్టి ఉంది, ఎక్కడో జారాడు. అప్పుడే అరవవలసింది. అరిస్తే, ఎవరు పంపారంటారు. అరవలేదు. వస్తాడులే, వస్తాడులే అనుకుంటూ పొయ్యి ముందే కూర్చున్నాను. అయిదున్నరకు హాజరు పిలిచినప్పుడు ఒక మనిషి తక్కువని తేలింది. గంట. ఆ గంటలోనే అతని కుడి పాదం వేళ్ళు చచ్చిపోయాయని ఏ డాక్టరూ నాతో అనలేదు. నేనే అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను.

వెతకడానికి పోయినవాళ్ళలో నేను ముందున్నాను. ఎటు వెతకాలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కదా. చీకటి పడుతోంది. దారి మలుపు కింద, వాగులో, రాళ్ళ మధ్య కనిపించాడు. కుడికాలు మోకాలి దగ్గర తిరగకూడని వైపు తిరిగి ఉంది. నేను వంగగానే కళ్ళు తెరిచాడు. పెదవులు నల్లబడ్డాయి.

"సంచి తడవలే అన్నా" అన్నాడు.

సంచిని కడుపు కింద పెట్టుకుని పడుకున్నాడు.

మిగతావాళ్ళు ఇంకా పైన దారిలోనే ఉన్నారు. నేను ముందు సంచి లాక్కున్నాను. నా కోటు లోపల దాచుకున్నాను. ఆ తర్వాత పిలిచాను, ఇక్కడున్నాడని. మనిషిని చూసి వెంటనే గొంతెత్తలేదు. ముందు సంచి, తర్వాత మనిషి. నేను ఏమిటో నాకు తెలియడానికి ఆ అరనిమిషం చాలు. మర్నాడు పొద్దున్నే సంచి నేనే కిందికి తీసుకుపోయి, మంచు వల్ల ఒక రోజు ఆలస్యమైందని రాసి అప్పగించాను. ఎవరూ ఏమీ అడగలేదు.

సిపాయికి దెబ్బ తగిలితే విచారణ జరుగుతుంది. విచారణలో తేల్చవలసింది ముఖ్యంగా ఒకటే: దెబ్బ తగిలినప్పుడు మనిషి డ్యూటీలో ఉన్నాడా, లేడా. ఉన్నాడంటే ఆ దెబ్బ బాధ్యత సర్కారుది. వికలాంగ పింఛను వస్తుంది, చనిపోతే భార్యకూ కొంత వస్తుంది. లేడంటే ఆ దెబ్బ అతని సొంతం. ఇది నాకు తెలుసు. వీరేశానికి తెలియదు. మొత్తం సంగతి ఇక్కడే ఉంది.

పది పన్నెండు రోజుల తర్వాత కింద పెద్ద దవాఖానలో అతణ్ణి చూడటానికి పోయాను. చూడటానికి కాదు. జేబులో అతని వాంగ్మూలం ఉంది. ఇంగ్లీషులో నేనే టైపు చేశాను. సొంత పని మీద, ఎవరి అనుమతీ లేకుండా, ఇంటికి ఫోన్ చేయడానికి కింద రోడ్డు మీది బజారుకు పోతూ జారిపడ్డానని అందులో ఉంది. పాదం సగం తీసేశారు. మోకాలు వంగదని అప్పటికే చెప్పేశారు. నన్ను చూడగానే లేవబోయాడు.

"గిండ్ల ఏం రాసినవ్ అన్నా?" అన్నాడు కాగితం చూసి.

"బజారుకు ఫోన్ చేయనీకె పోయినవని రాసిన."

"నేను డాక్ తీస్కపోయిన గద."

"గది చెప్పొద్దు. సీలు వేసిన సంచి నీ చేతికి రావద్దు. వచ్చిందని తెలిస్తె జైల్ల ఏస్తరు నిన్ను."

"నువ్వే ఇచ్చినవ్ గదనే" అన్నాడు. తప్పు పట్టినట్టు కాదు, తెలియక అడిగినట్టు.

"ఇచ్చినందుకు నాకు శిక్ష, మోసినందుకు నీకు శిక్ష. నా సంగతి ఇడిసిపెట్టు. నీకు ఇంటికి పోవాల్నా, వద్దా?"

అతను కప్పిన దుప్పటి కింద కాలున్న చోటు వైపు చూసుకున్నాడు. "మరి పింఛన్ వస్తదా?"

"వస్తది. కాయితాలన్నీ నా చేతుల మీదికెళ్ళే పోతయి. నేను జూసుకుంట."

"నువ్వు జూసుకుంటనంటె ఇంగేంది. ఏడ పెట్టాలె సంతకం?"

నేను వేలు పెట్టి చూపించాను. తెలుగులో సంతకం పెట్టాడు. మెల్లగా, ఒక్కొక్క అక్షరం.

అతనికి జైలు పడేది కాదు. ఇది మీకు స్పష్టంగా చెప్పాలి. పై మనిషి పంపితే పోయిన సిపాయికి శిక్ష ఉండదు. శిక్ష నాకు మాత్రమే ఉండేది. అది కూడా ఎంత? నాకు రావలసిన హవల్దారు పట్టీ ఒకటి రెండేళ్ళు ఆగేది. పెద్దసారు ముందు తల వంచుకోవలసి వచ్చేది. అంతే. దాని కోసం నేను అతణ్ణి భయపెట్టాను. భయపెట్టి, కాపాడుతున్నట్టు నమ్మించాను.

విచారణలో నన్నూ అడిగారు. అతను ఎక్కడికి పోయాడో నాకు తెలియదని చెప్పాను. వీరేశం సంతకమే ఉన్నాక ఇంక ఎవరికి అనుమానం వస్తుంది? డ్యూటీలో లేడని తేలింది. సర్వీసు తొమ్మిదేళ్ళు. ఇంకో ఏడాది నిండి ఉంటే మామూలుగా రావలసిన పింఛనైనా ఏదో ఒకటి దక్కేది. చేతిలో కొంత పెట్టి పంపించేశారు. ఆ ఎండాకాలం నాకు హవల్దారు పట్టీ వచ్చింది.

ఇంటికి పోయిన వీరేశం ఏం చేయగలడు? మగ్గం గుంటలో కూర్చుని రెండు పాదాలతో తొక్కాలి. వంగని మోకాలితో గుంటలోకి దిగడమే చేతకాలేదు. చేతుల్లో పని ఉంది, కాలు పనికిరాదు. అతని చోటులో గోవిందమ్మ కూర్చుంది, మరిది పక్కన. వీరేశం రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేవాడు. మా దిక్కు అది ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ చేసే పని. ముప్పై ఏళ్ళు నిండని మనిషి. పట్టాలం పోయొచ్చిన మనిషి. వీధిలో నవ్వేవాళ్ళు నవ్వారు, ఫోన్ కోసం పోయి కాలు పోగొట్టుకున్నాడని. అతను పల్లెత్తు మాట అనలేదు. అంటే జైలు కదా. నేనే చెప్పాను కదా.

నేను రిటైరై వనపర్తికి వచ్చానని తెలిసి, కర్ర పట్టుకుని బస్సులో వచ్చాడు. నన్ను చూసి ఏడ్చాడు. సంతోషంతో. అప్పటి నుంచి ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవాడు. నా పింఛన్ ఏమైంది అన్నా అని గట్టిగా ఎప్పుడూ అడగలేదు. "ఏమన్న ఆశ ఉన్నదా?" అనేవాడు, అంతే. నేను అతని పేరు మీద అర్జీలు రాశాను. ఎన్ని రాశానో. పేదరికం గురించి రాశాను, కాలి గురించి రాశాను, దయ చూపమని రాశాను. రాయవలసిన ఒక్క వాక్యం తప్ప అన్నీ రాశాను. ఆ వాక్యం లేకపోతే అవి తిరిగొస్తాయని తెలిసే రాశాను. తిరిగొచ్చాయి. తిరిగొచ్చిన ప్రతిసారీ అతనే నన్ను ఓదార్చాడు. "నువ్వు మస్తు తిరుగుతున్నవ్ నాకోసం. నా నొసటి రాత గట్లుంది" అనేవాడు.

మా బిడ్డ పెళ్ళికి గోవిందమ్మ నేసిన చీర తెచ్చాడు. నేను వద్దన్నాను. "నాకు జైలు తప్పించినవ్ అన్నా. గిదేపాటి" అన్నాడు. నా భార్య ఆ చీర అంచు చేత్తో తడిమి చూసి మురిసిపోయింది. నేను పందిట్లో పని ఉందని బయటికి పోయాను.

ఇంతవరకు చేసింది భయంతో చేశానని అనుకునేవాణ్ణి. కానీ ఆరేళ్ళ క్రితం జరిగింది చెప్తే మీరు కూడా ఆ మాట ఒప్పుకోరు.

గద్వాలలో ఒక వకీలు వీరేశం కాగితాలు చూసి, డ్యూటీ మీద పోయాడని ఒక్క సాక్షి ప్రమాణపత్రం ఇస్తే కేసు నిలబడుతుందని చెప్పాడట. వీరేశం ఆ మర్నాడే వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. అంత దూరం నుంచి ఏమీ తినకుండా వచ్చాడని చూస్తేనే తెలుస్తోంది.

"ఒక్కరు రాసిస్తె చాలంట అన్నా. నీకంటె సాక్షి ఎవరున్నరు నాకు? ఇప్పుడైతె నువ్వు గూడ నౌకరిల లేవు."

నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. "సంతకం పెట్టింది నువ్వు గద వీరేశం. ఇప్పుడు గది అబద్ధమంటె తప్పుడు వాంగ్మూలం కేసైతది" అన్నాను.

"ఇన్నేండ్లకు గూడనా?"

"పట్టాలం కాయితం ఎన్నేండ్లకైనా కాయితమే."

మోకాలి మీద అరచేయి పెట్టి రుద్దుకున్నాడు చాలాసేపు. "నీ పేరు గూడ వస్తది గద అందుల" అన్నాడు చివరికి. "వద్దులే అన్నా. నాకోసానికి నీ పింఛన్ మీదికి తెచ్చుకోకు."

అప్పుడు నాకు ఏ పట్టీ రావలసి లేదు. ఏ అధికారీ లేడు. మరి ఎందుకు? నా పింఛను పోతుందనా? ఆ భయం కొంత ఉంది. కానీ అది అసలు కారణం కాదు. అరుగు మీద కూర్చున్న ఆ పదిమంది, సుబేదార్ సాబ్ అనే ఆ పిలుపు, అదే అసలు కారణం. ఒక మనిషి కూటి కంటే నాకు అది ఎక్కువైంది. అతణ్ణి బస్టాండు దాకా నడిపించి, గద్వాల బస్సు ఎక్కించి, టిఫిను పొట్లం చేతిలో పెట్టి వచ్చాను. ఆ పొట్లం ఇచ్చినందుకు నాకు కొంచెం ఊరట కలిగింది కూడా. మనిషి ఎంతకు దిగజారగలడో చెప్తున్నాను.

రెండేళ్ళ క్రితం వీరేశం చనిపోయాడు. షుగరు. రెండో కాలు కూడా పుండై, కర్నూలు దవాఖానలో పోయాడు. మట్టికి పోయాను. వాళ్ళ బంధువులు, పట్టాలం దోస్తు వచ్చాడు అని జరిగి నాకు దారి ఇచ్చారు.

ఆ తర్వాత నవంబరులో గోవిందమ్మ మా ఇంటికి వచ్చింది. అరుగు మీద అందరితో పాటు వరుసలో కూర్చుంది. తన వంతు వచ్చాక ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు పెట్టింది. "ఏదన్న కష్టమొస్తె అన్న దగ్గరికి పో అని చెప్పి పోయిండు బావా" అంది. వీరేశం నన్ను అన్నా అనేవాడు కనుక ఆమెకు నేను బావను. "నా కండ్లు మసకలు వడుతున్నయి. పట్టు పోగు కానొస్తలేదు. మరిది కొడుకులు మగ్గం ఎత్తేస్తమంటున్నరు. నాకేమన్న వస్తదా చూడుండ్రి."

చూస్తానన్నాను. కవరు తీసుకున్నాను. ఆమె వెళ్ళిపోయింది. నా భార్య లోపలి నుంచి అంతా విన్నది. ఆమె ఎప్పుడూ ఎదుటివాళ్ళ మనసుకు దెబ్బ తగిలే మాట అనదు. అన్నం పెడుతూ అడిగింది. "అందరి పనులు జేస్తవ్. ఆ వీరేశం పని ఒక్కటి ఎందుకు గాలేదు?"

మామూలుగా అడిగింది. నేను చెయ్యి కడుక్కుని లేచాను. ఆ నెలంతా ఆ కవరు బీరువాలోనే ఉంది. అందులో ఏముందో నాకు తెలుసు. తిరిగొచ్చిన నా అర్జీలన్నీ, వరుసగా, మడత నలగకుండా. అన్నీ నా చేతిరాతే.

గోవిందమ్మకు చెప్పడానికి గద్వాల పోయిన రోజు పెబ్బేరు అంగడి. బస్సు నిండా పగ్గాలు భుజాన వేసుకున్న రైతులు, ఎడ్ల ధరలు మాట్లాడుకుంటున్నారు. కృష్ణ దాటేదాకా దిగిపోదామా, తిరిగిపోదామా అనే ఆలోచనే. ధైర్యం వచ్చి పోయాననుకోకండి. బస్సు ఆగలేదు, అందుకే పోయాను.

గోవిందమ్మ మగ్గం మీద ఉంది. పక్కన మరిది కోడలు. గోవిందమ్మ ఒక్కదానితోనే మాట్లాడాలని నేనంటే, ఆ పిల్ల లేచి లోపలికి పోయింది. నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనేమోనని. చలి దగ్గర మొదలుపెట్టి, సంచి, గంట ఆలస్యం, దవాఖానలో సంతకం, వకీలు చెప్పిన సాక్ష్యం, అన్నీ. ఎక్కడా ఆపలేదు. ఆమె కూడా ఆపలేదు. మధ్యలో ఒకసారి మాత్రం, "బజారుకు పోలేదా ఆయన?" అంది. పోలేదన్నాను. "ఫోన్ జెయ్యనీకె పోలేదా?" అంది మళ్ళీ. పోలేదమ్మా, నేనే పంపిన అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నాకు ఫోన్ చేయనీకె పోయి కాలు పోగొట్టుకున్నడని అనుకున్న సారూ ఇన్నేండ్లు" అంది. "మీ తాన ఒట్టు ఏస్కున్నడేమో, నాకు గూడ చెప్పలే. నా వల్లనే గట్లయిందని అనుకున్న. మా అత్త గూడ గదే అనేది. సచ్చిందాంక అన్నది."

బావా అనే పిలుపు సారూ అయింది. అది నేను విన్నాను. కానీ అంతకంటే నన్ను నిలువునా కోసింది ఆ మిగతా మాట. ఈ సంగతి నేను ఎన్నడూ ఆలోచించలేదు. ఆ వాంగ్మూలంలో బజారని రాసేటప్పుడు, ఇంటికి ఫోన్ అని రాసేటప్పుడు, ఆ ఫోన్ అవతలి వైపు ఒక మనిషి ఉంటుందనీ, ఆ తప్పు ఆమె మెడకు చుట్టుకుంటుందనీ నాకు తట్టనే లేదు. నమ్మేలా ఉండే కారణం కావాలి, రాశాను. అంతే.

"ఆయన మీ గురించి చెప్పని రోజు లేదు" అంది. "గంత పెద్ద పట్టాలంల మనోడొకడు ఉండె, నన్ను కాపాడిండు అని. మాకు ఆడికెళ్ళి దక్కింది గా మాట ఒక్కటే. అది గూడ తీస్కపోనీకె వచ్చిండ్రా?"

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"గది నన్ను అడగకుండ్రి. అడగాల్సినాయన లేడు. మీరు ఇప్పుడు చెప్పింది కాయితం మీద రాసిస్తరా, ఇయ్యరా, గది చెప్పుండ్రి."

ఇస్తానన్నాను.

అయితే రేపే రమ్మంది. మర్నాడు అదే వకీలు దగ్గర కలిశాం. ప్రమాణపత్రం తెలుగులోనే రాయమని ఆమె పట్టుబట్టింది, తనకు తెలియని భాషలో ఏదీ వద్దంది. వకీలు ముందే చెప్పాడు. ఇన్నేళ్ళ తర్వాత వాళ్ళు ఒప్పుకుంటారో లేదో తెలియదు, ఒప్పుకున్నా పాతదంతా రాకపోవచ్చు, భార్యకు వచ్చేది వస్తే అదే గొప్ప. అబద్ధం చెప్పినందుకు నా మీద ఏ చర్య తీసుకుంటారో కూడా చెప్పలేనన్నాడు. సరేనన్నాను. అక్కడికే వచ్చిన నోటరీ ఆ కాగితం తీసి పైకి చదివాడు, గోవిందమ్మ వినాలని. నేను చేసిన పని ఇంకొకరి గొంతులో మొదటిసారి విన్నాను. వీధిలో పోయే మనిషి విన్నా అర్థమయ్యేంత మామూలు మాటలు. పెద్ద మాటలు ఒక్కటీ లేవు.

"ఇవన్నీ మీ ఇష్టపూర్తిగనే చెప్తున్నరా? ఎవరు బెదిరియ్యలేదు గద?" అని అడిగాడు నోటరీ.

లేదన్నాను. సంతకం పెట్టాను. గోవిందమ్మ ఆ కాగితం అందుకుని, ఆటో పిలిచి ఎక్కింది. నా వైపు చూడలేదు. ఇంక తమ ఇంటికి రావద్దని నాతో చెప్పమని మాత్రం వకీలుకు చెప్పి పోయిందట. ఆయన మొహమాటపడుతూ నాకు చెప్పాడు.

కేసు నడుస్తోంది. ఏమీ తేలలేదు. నా భార్యకు చెప్పాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతుంది, కానీ పని ఉంటేనే. సంగతి అందరికీ పాకి, అరుగు మీదికి వచ్చేవాళ్ళు సగం మంది తగ్గారు. మిగిలిన సగం అవసరం కొద్దీ వస్తున్నారు, సుబేదార్ సాబ్ అనేటప్పుడు కొంచెం ఆగి అంటున్నారు. నా పింఛను ఇంకా వస్తూనే ఉంది. ఆపుతారేమో. ఆపితే ఆపనీ.

మనసు తేలికైందా అని మీరు అడగాలనుకుంటే, తేలిక అనే మాట వాడటానికి నాకు అర్హత లేదు. ఆమెకు నేను ఇచ్చింది కొత్త బాధ. అది దిగదు. వీరేశం చనిపోయేదాకా నన్ను నమ్మాడు, ఆ నమ్మకాన్ని అతని ముందు నేను విప్పలేదు. అదీ మారదు. మారింది ఒక్కటే. ఇదివరకు గద్వాల పేరు ఎవరెత్తినా నేను చెవులు రిక్కించేవాణ్ణి, మాట ఎటు పోతుందోనని. ఇప్పుడు వినగలుగుతున్నాను. మొన్న పెబ్బేరు నుంచి వచ్చిన ఒక పాత సిపాయి, సంగతి తెలియక, "ఆ కాలిరిగిన వీరేశానికి పింఛన్ ఎందుకు రాలేదు సాబ్, పాపం" అని అడిగాడు.

నేను రాయడం ఆపి, అతని మొహంలోకి చూసి చెప్పాను. "నేను రానియ్యలే."